ఊఁ కొట్టేవాళ్లు



మా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే రాత్రిళ్లు పిల్లలందరం డాబా మీదే పడుకునేవాళ్లం. పొద్దుగూకే వేళకు నాలుగు బిందెల నీళ్లు మోసుకెళ్లి డాబా తడిపేవాళ్లం. వేడంతా బుస్సుమని పైకి లేచి చల్లారాక చాపలు పరిచేవాళ్లం. మధ్యలో మా నాయనమ్మ, అటు నలుగురం, ఇటు ముగ్గురం. కథ మొదలుపెట్టే ముందు ఆవిడది ఒకటే షరతు. "ఊఁ కొట్టాలర్రా. మీరు ఊఁ ఆపితే నేను కథ ఆపేస్తా."

అన్నంత పనీ చేసేది. రాజకుమారుడు మర్రిచెట్టు తొర్రలో చెయ్యి పెట్టబోతున్నాడు, అప్పుడు మా వైపు నుంచి ఊఁ రాలేదంటే ఆ చెయ్యి అలా తొర్ర దగ్గరే ఉండిపోయేది. ఆవిడ అటు తిరిగి పడుకునేది. మర్నాడు ఎంత బతిమాలినా "నిన్న ఊఁ ఎక్కడ ఆగిందో చెప్పండి, అక్కణ్ణుంచి చెబుతా" అనేది.

ఊఁలలో రకాలు కూడా ఆవిడకు తెలుసు. నిద్రమత్తులో సాగే ఊఁ వేరు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి కొట్టే ఊఁ వేరు. కథలో మునిగిపోయి, ఊపిరి బిగబట్టి, గొంతులోంచి వచ్చీరానట్టు వచ్చే ఊఁ వేరు. ఆ చివరిది వినబడితే నాయనమ్మ గొంతే మారిపోయేది. రాక్షసుడికి ఇంకో రెండు తలలు మొలిచేవి, అడవి ఇంకో ఆమడ పెరిగేది. ఎవడైనా లేచి కూర్చుని "అదేంటి నాయనమ్మా, నిన్న రాక్షసుడికి ఒంటికన్ను అన్నావుగా?" అని అడిగితే ఆవిడకు కోపమొస్తుందేమో అనుకునేవాళ్లం. కోపం కాదు సరికదా, ఆ అడిగినవాణ్ణి దగ్గరకు లాక్కుని తన పక్కన పడుకోబెట్టుకునేది.

ఇవాళ మీతో ఆ ఊఁ గురించే మాట్లాడదామని వచ్చాను.

నేను కూర్చున్న ఈ రేడియో స్టూడియో గదిలో ఎదురుగా ఒక మైకు, గోడకు ఒక గడియారం, తలుపు పైన ఒక ఎర్ర లైటు ఉన్నాయి. అద్దం అవతల రికార్డింగు చేస్తున్నవారు తల వంచుకుని తమ పనిలో ఉన్నారు. మీరు ఎక్కడెక్కడో ఉన్నారు. ఒకరు కూర తరుగుతూ వింటూ ఉండవచ్చు, ఒకరు దుకాణంలో బేరాల మధ్య వింటూ ఉండవచ్చు. నేనన్న మాటకు మీలో ఎవరో తలాడించే ఉంటారు. ఆ తల ఊపడం నా దాకా రాదు. రాసేవాళ్లందరి పరిస్థితీ ఇదే. మాట బయటికి వెళ్లిపోతుంది. ఆ తరువాత అంతా నిశ్శబ్దం.

మన పాత కళలకు ఈ ఇబ్బంది లేదు. బుర్రకథలో వంతలు ఇద్దరూ కథకుడికి అటూ ఇటూ నిలబడి మాటమాటకూ అందుకుంటారు. ఊఁ కొట్టే పనికి మనవాళ్లు ప్రత్యేకంగా మనుషుల్నే పెట్టారన్నమాట. పద్యనాటకం సంగతి చెప్పనే అక్కర్లేదు. పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడి వేషంలో పద్యం ఎత్తుకుని రాగం తీశారంటే జనంలోంచి వన్స్‌మోర్ కేకలు లేచేవి. రాయబారం ఆగేది, పద్యం మళ్లీ మొదలయ్యేది. నాటకం తెల్లవార్లూ సాగిందంటే అందులో జనం వంతు కూడా ఉంది. అవధాన సభలో అయితే పద్యం పూర్తయ్యేలోపే ఆహా అనేస్తారు. చెప్పేవాడి చెవికి వినేవాడి ఊపిరి తగిలేంత దగ్గర అది.

అచ్చు వచ్చాక, తరువాత రేడియో వచ్చాక ఇద్దరి మధ్యా దూరం పడింది. కథ రాసిన మనిషి తెనాలిలో ఉంటే చదివిన మనిషి ఆదిలాబాదులో ఉంటాడు. ఆ దూరం దాటడానికి మనకు దొరికింది కార్డు ముక్క. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న మొదలైంది. అప్పుడు ధర పావు అణా. ఇప్పటికీ 50 పైసలే. మా తరంలో చాలామంది జీవితంలో రాసిన మొదటి కార్డు చందమామ పత్రికకే రాసి ఉంటారు. ఫోటో వ్యాఖ్యల పోటీకి, రెండు బొమ్మలకు రెండు మాటలు. బహుమతి రాకపోయినా, మనం రాసింది మద్రాసులో ఎవరో చదివారన్న సంబరం వారం రోజులు ఉండేది.

నా సంగతి ఒకటి చెబుతాను.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. పసుపు పండించే ఇల్లు. 1986లో, నేను బడిలో తెలుగు చెబుతున్న రోజుల్లో, నా మొదటి కథ ఒక వారపత్రికలో అచ్చయింది. పసుపు గురించే రాశాను. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు అత్తగారితో కలిసి మొదటిసారి కళ్లంలో పసుపు ఉడకబెడుతుంది. అదే కథ. పత్రిక వచ్చిన రోజు నాలుగు కాపీలు కొని తెచ్చుకున్నాను. మా వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. బళ్లో తోటి టీచరు ఒకావిడ "మీ పేరు చూశానండీ" అంది. పేరు చూసింది, కథ చదివిందో లేదో తెలియలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. నూతిలో రాయి వేస్తే నీళ్ల చప్పుడైనా వినబడుతుంది. నా కథ పడ్డ చోట అది కూడా లేదు. సగం రాసిన రెండో కథ కాగితాలు మడిచి అటక మీద పెట్టేశాను.

మూడో వారం ఒక కార్డు వచ్చింది. 15 పైసల కార్డు. పత్రిక చిరునామా కొట్టేసి, దాని పక్కనే ఎర్ర సిరాతో నా చిరునామా రాసి మళ్లించారు. ఆ మళ్లించిన చెయ్యి ఎవరిదో కూడా నాకు తెలియదు, వారికీ నేను రుణపడి ఉన్నాను. కార్డు నిండా, అంచుల దాకా, చిరునామా పక్కన మిగిలిన ఖాళీలో కూడా అడ్డంగా తిప్పి రాసిన నీలం సిరా అక్షరాలు. ఆర్మూరు దగ్గర పల్లె నుంచి ఒక పసుపు రైతు.

రచయిత్రి గారికి నమస్కారములు అని మొదలుపెట్టాడు. మీ కథలో అత్తగారు మూత తీసి, ఆవిరిలో ముఖం పక్కకు తిప్పుకుని, ముక్కుతోనే పసుపు ఉడికిందో లేదో చెప్పిన చోట నేను చదవడం ఆపి మా ఇంటామెను పిలిచి చూపించాను అని రాశాడు. మా అమ్మకు చదువు రాదు, రాత్రి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి కథంతా చదివి వినిపించాను, చివరిదాకా ఊఁ కొట్టింది అని రాశాడు. ఆ తరువాత అసలు సంగతి. ఉడికిన కొమ్ములు మూడు రోజుల్లో ఎండినట్టు నేను రాశాను. కథ ముగింపు దగ్గరపడింది కదా అని తొందరపడ్డాను. ఆయన దాన్ని పట్టుకున్నాడు. మూడు రోజులకు ఎండదు, ఎండ బాగా కాస్తే పది రోజులు, లేకుంటే పదిహేను, ఎండిన కొమ్మును విరిస్తే ఖంగుమనాలి, అప్పుడే లెక్క అని రాశాడు. అంతా వినిపించాక వాళ్లమ్మ అన్నమాట కూడా ఉన్నదున్నట్టు రాశాడు. "గీ పిల్లకు పసుపు వండుడు ఎరుకనే గని, ఎండవెట్టుడు ఎరుకలేదు."

ఆ కార్డు ఎన్నిసార్లు చదివానో. ఎక్కడో నిజామాబాదు జిల్లాలో పొయ్యి దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ నేను రాసింది వింటూ ఊఁ కొట్టింది. నేను గుంటూరు జిల్లాలో ఉన్నాను. మా ఇద్దరికీ ముఖపరిచయం లేదు, ఇక ఉండబోదు కూడా. అయినా ఆవిడ నా తప్పు పట్టుకుంది. తప్పు పట్టుకోవాలంటే ప్రతి మాటా వినాలి. పైపైన విని బాగుందనేవాళ్లకు ఎండబెట్టిన రోజులు లెక్కకు రావు. ఒంటికన్ను రాక్షసుణ్ణి నిలదీసిన పిల్లవాణ్ణి నాయనమ్మ ఎందుకు పక్కన పడుకోబెట్టుకుందో నాకు ఆ రోజు అర్థమైంది. సాయంత్రం నిచ్చెన వేసుకుని అటకెక్కి కాగితాలు దించాను.

ఒక పాఠకుడి మాట ఎంత దూరం పోతుందో చెప్పాలంటే నా కథ ఎందుకు, విజయనగరం ఉంది. 1883 నాటి మాట. గురజాడ అప్పారావు గారికి అప్పుడు ఇరవై దాటిన వయసు. అప్పటికింకా ఆయన మనకు తెలిసిన గురజాడ కాదు. ఇంగ్లీషులో కవిత్వం రాసుకునే కుర్రాడు. సారంగధర కథను ఇంగ్లీషు కావ్యంగా రాస్తే ఇండియన్ లీజర్ అవర్ అనే పత్రికలో అచ్చయింది. దాన్ని కలకత్తాలో ఒకాయన చదివాడు. పేరు శంభుచంద్ర ముఖర్జీ. రీస్ అండ్ రయ్యత్ అనే వారపత్రికకు ఆయన సంపాదకుడు. రయ్యత్ అంటే మరేమీ కాదు, మన రైతు అనే మాటే.

ముఖర్జీ గారికి కావ్యం నచ్చింది. తన పత్రికలో మళ్లీ అచ్చు వేసుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే సంపాదకుడిగా తన పని తాను చేశారని అనుకునేవాళ్లం. ఆయన ఇంకో అడుగు వేశారు. నీకు ఎంత ప్రతిభ ఉన్నా ఇంగ్లీషు నీకు పరాయి భాష, నీ భాషలో రాస్తే ఇంతకంటే ఎంతో ఎత్తుకు వెళతావు అని ఆ కుర్రాడికి చెప్పారు. ఆలోచించండి. మెచ్చుకున్నారు, మెచ్చుకుంటూనే దారి మళ్లించారు. ఆ మళ్లించింది తనకు రాని భాషలోకి! ఈ కుర్రాడు తెలుగులో రాస్తే కలకత్తాలో తాను చదవలేనని ముఖర్జీ గారికి తెలియదా? తెలుసు. అయినా చెప్పారు. ఆ రోజుల్లో కలకత్తాకూ విజయనగరానికీ మధ్య రైలు దారి కూడా పడలేదు. ఆ పరిచయం నడిచింది ఉత్తరాల మీదే.

ఆ ఒక్క మాట వల్లే గురజాడ వారి కన్యాశుల్కం నాటకం పుట్టిందని నేననను. ఆనందగజపతి మహారాజు ఆదరణ ఉంది. పసిపిల్లల్ని ముసలివాళ్లకు అమ్ముకునే ఆచారాన్ని చూసి పడ్డ బాధ ఉంది. అన్నిటినీ మించి గురజాడ వారి ప్రతిభ ఉంది. కానీ ఇరవయ్యేళ్ల వయసులో ఏ దారిన పోదామా అని నిలబడ్డవాడికి, ఊరుకాని ఊరు నుంచి, తనకంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్దవాడు, పేరున్నవాడు, నీ రాత చదివాను అని చెప్పడం చిన్న విషయం కాదు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. 1909లో గురజాడ వారు దాన్ని పెంచి, తిరగరాసి మళ్లీ అచ్చు వేశారు. ముఖర్జీ గారు 1894లోనే పోయారు. అచ్చయిన కన్యాశుల్కాన్ని ఆయన చేత్తో పట్టుకోలేదు. పట్టుకున్నా చదవలేరు. ఆయన చేసిందల్లా సమయానికి ఊఁ కొట్టడం. ఆ నాటకంలో గిరీశం మాట విని ఇవాళ మనం నవ్వుకుంటున్నామంటే ఆ నవ్వులో ఒక కలకత్తా పాఠకుడి పాలు కొంచెం ఉంది. ఆయన పేరు మన పిల్లలకు చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

రేడియోకు ఉత్తరాలతో ఉన్న బంధం మీకు నేను చెప్పాలా? 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టిన రోజుల్లో జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. అక్కడ వచ్చిన బినాకా గీత్‌మాలా మొదటి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయని దాన్ని నడిపిన అమీన్ సయానీ గారు చెప్పుకునేవారు. ఝుమ్రీ తలైయా అని ఒక ఊరు. ఇప్పటి జార్ఖండ్‌లో, అభ్రకం గనుల మధ్య ఉన్న చిన్న పట్నం. పాట కావాలని అక్కడివాళ్లు పోటీలు పడి ఎన్ని కార్డులు రాశారంటే, గనుల వల్ల వచ్చిన పేరు కంటే రేడియోలో చదివిన పేర్ల వల్ల వచ్చిన పేరే ఆ ఊరికి మిగిలింది. మన దగ్గర విజయవాడ కేంద్రంలో ఉషశ్రీ గారి ధర్మసందేహాలు కార్యక్రమం ఉండేది కదా, అది నడిచింది శ్రోతల ఉత్తరాల మీదే. ఆయన గొంతు గురించి అందరం చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కానీ ఊళ్ల నుంచి ఎవరో కూర్చుని సందేహం రాసి పంపితేనే ఆ గొంతుకు ఆ వారం పని. అవి ప్రశ్నలే కావచ్చు, వాటన్నిటి అడుగునా ఉన్నమాట ఒకటే. వింటున్నామండీ, చెప్పండి.

ఉత్తరాల మాట వస్తే, మా ఊరికి దగ్గర్లోనే తుమ్మపూడి ఉంది. సంజీవదేవ్ గారు ఉన్న ఊరు. ఆ పల్లెలో కూర్చుని ఆయన దేశంలోని చిత్రకారులకూ తత్త్వవేత్తలకూ ఉత్తరాలు రాశారు. వాళ్ల బొమ్మల్లో, పుస్తకాల్లో తనను కదిలించిందేమిటో రాశారు. వాళ్లూ ఆయనకు రాశారు. కులూ లోయలో ఉన్న రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇంట్లో అతిథిగా ఉండి వచ్చారు. సంజీవదేవ్ గారి ఉత్తరాలు పుస్తకాలై వచ్చాయి. నన్నడిగితే తుమ్మపూడికి పేరు తెచ్చింది ఆ ఊరి పోస్టు డబ్బా.

ఇంతా చెబుతున్న నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం నిజం కాదు.

నేను ఎంతో అభిమానించిన కథకులు ఒకరుండేవారు. పేరు చెప్పను. ఆయన కథలు చదివే నేను రాయడం నేర్చుకున్నాను. మాట తక్కువ, లోతు ఎక్కువ. ఒక కథలో తండ్రి పోయిన ఇంట్లో, పదోరోజు అందరూ వెళ్లిపోయాక, తల్లి రోజూ వేసే కొలతలోంచి ఒక గిద్దెడు బియ్యం తీసి మళ్లీ డబ్బాలో పోస్తుంది. అంతే, ఇంకేం చెప్పరు ఆయన. ఆ గిద్దె నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. ఆయనకు ఉత్తరం రాయాలని ఇన్‌లాండ్ కవరు కొన్నాను. నాలుగు వాక్యాలు రాశాను. ఆయనంతటి మనిషికి నా ఉత్తరం ఏపాటి, రోజుకు ఎన్ని వస్తుంటాయో, ఇంకాస్త బాగా రాసి పంపుదాం అని పక్కన పెట్టాను. పిల్లల చదువులు, బదిలీలు, ఇల్లు కట్టుకోవడం. ఒకరోజు పొద్దున పేపర్లో ఆయన ఫోటో, కింద రెండు తేదీలు చూశాను.

సంస్మరణ సభకు వెళ్లాను. హాలు నిండింది. వక్త తరువాత వక్త లేచి ఫలానా కథ నా జీవితాన్ని మార్చిందని చెప్పారు. చాలామంది ఏడ్చారు. నేనూ గిద్దెడు బియ్యం గురించి మాట్లాడాను. సభ అయ్యాక ఆయన భార్య మమ్మల్ని నలుగుర్ని ఇంటికి తీసుకెళ్లి, కాఫీ ఇచ్చి, బీరువాలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి చూపించారు. ఆయనకు వచ్చిన ఉత్తరాలు. ఒక్కోదాని మూలన జవాబు రాసిన తేదీ పెన్సిలుతో వేసి ఉంది. ముప్ఫై ఏళ్లు కథలు రాసిన మనిషికి వచ్చిన ఉత్తరాలన్నీ ఒక్క బిస్కెట్ల డబ్బాలో పట్టాయి, పైన ఇంకా చోటు ఉంది. "చివర్లో ఎందుకు రాయడం మానేశారని మీరంతా సభలో అడిగారు కదమ్మా," అన్నారావిడ, "నేనూ అడిగాను. ఎవరూ వింటున్నట్టు లేదే అన్నారు."

ఆ సభలో కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో సగం మంది ఆయన ఉండగా ఒక్కొక్క కార్డు రాసి ఉంటే ఆ డబ్బా చాలేది కాదు. ఆ సగంలో నేనున్నాను. నా నాలుగు వాక్యాల కవరు ఇంకా నా దగ్గరే ఉంది. చిరునామా కూడా రాసి ఉంది.

అందుకే ఇవాళ ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. పెద్దవాళ్లకు బోలెడు ఉత్తరాలు వస్తుంటాయని మనం అనుకుంటాం. అందరమూ అదే అనుకోవడం వల్ల అసలే రావు. మన ఇళ్లల్లో చూడండి. కూర బాగా కుదిరిన రోజు మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కుంటాం. ఉప్పు ఎక్కువైన రోజు మాత్రం మొదటి ముద్దకే నోరు తెరుస్తాం. బాగుంటే అది ఎలాగూ బాగానే ఉండాలి కదా అన్న లెక్క. ఆ లెక్కనే పుస్తకాలకూ పాటకూ నాటకానికీ పట్టుకెళుతున్నాం.

నాకు రాయడం రాదండీ, ఏం రాయను అంటారు కొందరు. ఆర్మూరు రైతుకు మాత్రం రాయడం వచ్చా? ఆయన చేసింది ఒకటే. ఎక్కడ ఆగాడో చెప్పాడు. ఏ చోట చదవడం ఆపి ఇంటామెను పిలిచాడో చెప్పాడు. రాసేవాళ్లకు కావలసింది అది. అద్భుతం, అమోఘం అన్న మాటలు అందరికీ అతుకుతాయి, అందుకే ఎవరికీ అంటుకోవు. మీ కథ అమోఘం అంటే సంతోషమే, కాదనను. కానీ మూత తీసి ముఖం పక్కకు తిప్పుకున్న చోట ఆగిపోయాను అంటే, నేను ఒంటరిగా కూర్చుని ఆ వాక్యం రాసిన రాత్రిలోకి మీరు వచ్చి నా పక్కన కూర్చున్నట్టే. నచ్చనిదీ చెప్పవచ్చు. మూడు రోజులకు ఎండదమ్మా అని చెప్పిన మాటే నన్ను నిలబెట్టింది. నా కథలు పుస్తకంగా వేసినప్పుడు ఆ మూడు రోజుల్ని పదిహేను చేశాను. చేస్తే కథే మారిపోయింది. ఆ పదిహేను రోజులూ అత్తాకోడళ్లు పొద్దున్నే కొమ్ములు పరుస్తూ, తిప్పుతూ, సాయంత్రం కుప్పపోసి కప్పుతూ ఉండాలి కదా, వాళ్లిద్దరికీ మాట్లాడుకునే సమయం దొరికింది. మొదటి అచ్చులో ఆ మాటలు లేవు.

ఇప్పుడు కార్డులే రాయనక్కర్లేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. నచ్చిందని బొటనవేలి బొమ్మ పంపిస్తాం, అదీ ఒక ఊఁయే. దాని పక్కన ఒక్క వాక్యం పెట్టండి అని నా మనవి. ఏ పేజీలో, ఏ మాట దగ్గర, మీరు వింటున్న పాటలో ఏ మలుపులో. రెండు నిమిషాల పని. రచయితలకే కాదు, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడకైనా, మీ ఊరి గుడిలో పొద్దున్నే సన్నాయి వాయించే ఆయనకైనా. ఆయన తోడి రాగం వాయిస్తున్నాడని మీకు తెలియకపోయినా ఫరవాలేదు. ఆ వేళ మీరు గుడి మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయారని చెప్పండి.

మొన్న మా పోస్టాఫీసుకు వెళ్లి పది కార్డులు అడిగితే కౌంటర్లో అమ్మాయి సొరుగంతా వెతికి తెచ్చింది. 5 రూపాయలు. "ఎవరికి మేడం ఇన్ని?" అని అడిగింది. ఈ మధ్య ఒక పత్రికలో ఒక కొత్త రచయిత్రి కథ చదివాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే తండ్రి గురించి రాసింది. వానాకాలం ఆ గుంటలోకి నీళ్లు ఊరితే ఆయన గోనెసంచీ పరుచుకుని దాని మీద కాళ్లు పెట్టుకుంటాడు. ఆ గోనెసంచీ దగ్గర నేను ఆగాను. చిరునామా తెలియదు. పత్రికకే రాశాను, ఎవరో ఎర్ర సిరాతో మళ్లిస్తారని.

ఆర్మూరు రైతుకు నేను వెంటనే జవాబు రాశాను. తప్పు ఒప్పుకున్నాను, వాళ్లమ్మగారికి నమస్కారం చెప్పమన్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మరుసటేడు పసుపు సీజను అయ్యాక నాకొక చిన్న పార్సిల్ వచ్చింది. తెల్లగుడ్డ సంచీ, మూతి దారంతో కుట్టి, లక్కముద్ర వేసి ఉంది. విప్పితే రెండు పసుపు కొమ్ములు, ఒక చీటీ. చీటీలో ఒకటే మాట ఉంది. విరిచి చూడండి.

మా ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచీ పసుపు చూస్తున్నదాన్ని. కొమ్ములు ఉడకడం చూశాను, ఎండడం చూశాను, బస్తాలకెత్తడం చూశాను. ఎండిన కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరవడం మాత్రం ఆ రోజే.

ఇవాళ స్టూడియోకు వస్తూ మా తమ్ముడి చేలో పండిన కొమ్ము ఒకటి తెచ్చాను. పదిహేను రోజులూ ఎండింది. మైకుకు దగ్గరగా పెడుతున్నాను.

(కొమ్ము విరిచిన చప్పుడు)

వినబడిందా?